2011 బోనవిల్ టీ100 కొన్నాను, మార్పులు ఎక్కడ మొదలుపెట్టాలి?

లెస్టర్ లంకవాసి

అందరికీ నమస్కారం. వేసవి మొదట్లో 2011 నాటి ట్రయంఫ్ బోనవిల్ టీ100 ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 865 సీసీ, గాలికి చల్లబడే ఇంజన్, ఫ్యూయల్ ఇంజెక్షన్, నలుపు తెలుపు ట్యాంకు. 14 వేల మైళ్లు తిరిగింది. నాకు ముందు ఇద్దరి చేతులు మారింది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. సర్వీసు పుస్తకంలో మాత్రం చివరి కొన్నేళ్ల పేజీలు ఖాళీగా ఉన్నాయి.

మాది కోనసీమ. నాన్నగారికి యెజ్డీ ఉండేది. దాని ట్యాంకు మీద కూర్చుని అమలాపురం వెళ్లిన వయసు నుంచీ రెండు వైపులా సైలెన్సర్లున్న బండి అంటే నాకు ప్రాణం. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉద్యోగం కుదిరాక సీబీటీ అనే ప్రాథమిక శిక్షణ, థియరీ, మాడ్యూల్ 1, మాడ్యూల్ 2 వరసగా పూర్తిచేసి, పెద్ద బండ్లకు కావలసిన ‘ఏ’ రకం లైసెన్సు చేతికి వచ్చాక కొన్న మొదటి పెద్ద బండి ఇదే.

దీన్ని పాతకాలపు కెఫే రేసర్ రూపానికి తేవాలని ఉంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలకు బిగించే పొట్టి క్లిప్-ఆన్ హ్యాండిళ్లు, వెనక బుడిపె ఉన్న ఒంటి సీటు, వెనక మడ్‌గార్డు కత్తిరించి చిన్న దీపం, చిన్న ఇండికేటర్లు. 1,500 పౌండ్ల దాకా పక్కన పెట్టుకున్నాను. సైలెన్సర్లు పాత యజమానే మార్చాడు. మోత అద్భుతంగా ఉంది, కానీ వాటి మీద రోడ్డుపై వాడరాదని ముద్ర ఉంది. అసలు సైలెన్సర్లు కూడా అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రం వెనక పటపటమని పేలుతోంది. అక్టోబరులో ఎంఓటీ ఉంది, అంటే బండి రోడ్డుకు తగినదో కాదో ఇక్కడ ఏటా చూసే పరీక్ష.

వారమంతా ఆఫీసుకు వెళ్లి రావడానికి, ఆదివారం నా భార్యతో కలిసి పీక్ డిస్ట్రిక్ట్ కొండల వైపు వెళ్లడానికి వాడుతున్నాను. ఇద్దరం కూర్చున్నప్పుడు గుంత వస్తే వెనక ఠక్కుమని అడుగంటుతోంది. ఇంకో చిన్న విషయం. నెమ్మదిగా వెళుతున్నప్పుడు హ్యాండిల్ సూటిగా ఉన్నచోట ఏదో గాడిలో పడినట్టు ఆగుతోంది. బహుశా టైర్ల వల్ల కావచ్చు.

ఈ డబ్బుతో ముందు ఏవి మార్చాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


సోలిహల్ ట్విన్

లంకవాసి గారూ, శుభాకాంక్షలు. మంచి బండి కొన్నారు.

నేను సోలిహల్‌లో ఆసుపత్రి ఉద్యోగిని, రేడియోగ్రాఫర్‌ని. మాది తెనాలి. నా దగ్గర 2007 టీ100 ఉంది, కార్బ్యురేటర్ల బండి. ఎండయినా మంచయినా డ్యూటీకి దాని మీదే వెళతాను. ఇంజన్ లోపలి పనులు తప్ప మిగతావన్నీ మా ఇంటి వెనక షెడ్డులో నేనే చేసుకుంటాను. కాబట్టి ఇక్కడ చెబుతున్నవన్నీ నా చేతులతో చేసిన పనులే.

మీరు చివర్లో ‘ఇంకో చిన్న విషయం’ అంటూ రాసినదే నా దృష్టిలో మీ అసలు ప్రశ్న. హ్యాండిల్ మధ్యలో గాడిలో పడుతోందంటే అది టైర్ల పని కాదు, స్టీరింగ్ బేరింగులు అరిగిపోయాయి. ఫ్రేమ్ మెడలో పైన ఒకటి, కింద ఒకటి బేరింగులుంటాయి. బండి జీవితంలో ఎక్కువ భాగం హ్యాండిల్ సూటిగానే ఉంటుంది కనుక గుంతల దెబ్బలన్నీ ఒకేచోట పడతాయి. గ్రీజు ఎండిపోయాక ఆ దెబ్బలకు ఉక్కు వలయంలో సన్నని గుంటలు పడతాయి. హ్యాండిల్ మధ్యకు వచ్చినప్పుడల్లా బేరింగు ఆ గుంటల్లోకి దిగుతుంది. మీ చేతికి తెలుస్తున్నది అదే. ఇంజన్ కింద జాకీ పెట్టి ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, హ్యాండిల్‌ను ఒక్క వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి. మధ్యలో ఆగితే బేరింగులు మార్చాల్సిందే. ఎంఓటీలో పరీక్షకుడు చేసేది కూడా ఇదే, ఇలా ఉంటే బండిని ఫెయిల్ చేస్తాడు. మార్చేటప్పుడు గుండ్ల బదులు ఒక వైపు సన్నబడే ఉక్కు రోలర్లుండే టేపర్ రోలర్ రకం వేయించండి, అవి ఎక్కువ కాలం మన్నుతాయి.

దీన్ని మొదట ఎందుకు పెట్టానంటే, క్లిప్-ఆన్ హ్యాండిళ్లు వేస్తే మీ ఒంటి బరువు ముందుకు, మణికట్ల మీదికి వస్తుంది. బండి ముందుభాగంలో ఏ లోపం ఉన్నా రెట్టింపై తెలుస్తుంది. 40 మైళ్ల వేగంలో మలుపు తిరుగుతుంటే హ్యాండిల్ తనంతట తాను మధ్యకు రావాలని చూస్తుంది, మీరు దానితో పెనుగులాడతారు. అలాంటి బండికి ఎంత అందమైన సీటు వేసినా నడిపేవాడికి సుఖం ఉండదు.

ఇక వెనక అడుగంటడం. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ బండిని మార్చేసే పని ఏదైనా ఉందంటే అది ఇదే.

టీ100 వెనక చక్రానికి పైకీ కిందికీ 106 మిల్లీమీటర్ల ప్రయాణం ఉంది, ముందు ఫోర్కుకు 120. మీరు ఎక్కి కూర్చోగానే అందులో మూడో వంతు మాత్రమే కుంగాలి. అంటే వెనక 35 మిల్లీమీటర్ల లోపు. మిగతాదంతా గుంతల కోసం ఉండాలి. దీన్ని కొలవడానికి దర్జీ టేపు చాలు. స్నేహితుణ్ని పిలిచి, బండిని సైడ్ స్టాండు మీదికి వాల్చి వెనక చక్రం నేల వదిలేలా పట్టుకోమనండి. ఇరుసు నట్టు మధ్య నుంచి, దానికి నిట్టనిలువుగా పైన మడ్‌గార్డు మీద అంటించిన టేపు ముక్క దాకా కొలవండి. ఆ తర్వాత జాకెట్, బూట్లు, హెల్మెట్‌తో సహా మీరు బండి ఎక్కండి. రెండుమూడుసార్లు సీటు మీద ఎగిరి కూర్చుని, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కదలకుండా ఉండండి. ముందు నుంచి ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి. మళ్లీ అవే రెండు బిందువుల మధ్య కొలవండి. రెంటి తేడాయే మీ కుంగు. తర్వాత మీ భార్యను కూడా ఎక్కించుకుని మళ్లీ కొలవండి.

నా బండి మీద మేమిద్దరం కూర్చుంటే పాత షాకులు, అంటే షాక్ అబ్జార్బర్లు, సగానికి పైగా దిగిపోయేవి. స్ప్రింగు బిగువు పెంచడానికి వాటి కింద ఉన్న వలయాన్ని కొక్కెం పానాతో చివరి మెట్టు దాకా తిప్పినా అంతే. మీకూ అలాగే వస్తే ఇక ఆ షాకుల దగ్గర ఆగొద్దు. పదిహేనేళ్ల నూనె, పదిహేనేళ్ల సీళ్లు వాటిలో ఉన్నవి. హాగన్ అని ఈ దేశంలోనే షాకులు చేసే సంస్థ ఉంది. మీ బరువు, వెనక కూర్చునేవారి బరువు చెబితే తగిన స్ప్రింగులు వేసి పంపుతారు. మూడు నాలుగు వందల పౌండ్లలో మంచి జత వస్తుంది. ముందు ఫోర్కులకు నొక్కేకొద్దీ గట్టిపడే ప్రోగ్రెసివ్ స్ప్రింగులు, కొత్త ఫోర్కు ఆయిల్ వేస్తే ఇంకో నూరు, నూటయాభై. అంతే. నేను ఆ పని పూర్తిచేసి మొదటిసారి మెరిడెన్ వైపు వెళ్లిన సాయంత్రం బండి కొత్తదా అనిపించింది. బ్రేకు వేస్తే ముక్కు నేలకు దిగదు, మలుపులో మధ్యన గతుకు వచ్చినా గీత తప్పదు.

మెరిడెన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1940 నవంబరులో కోవెంట్రీ మీద పడిన బాంబులకు ట్రయంఫ్ ఫ్యాక్టరీ కాలిపోయాక, 1942లో మెరిడెన్‌కు మారింది. 1959 మోడల్‌గా వచ్చిన మొదటి బోనవిల్ అక్కడే పుట్టింది. 1983లో మూతపడింది. ఇప్పుడు ఆ స్థలంలో ఇళ్లు కట్టారు, ఒక వీధి పేరు బోనవిల్ క్లోజ్. నాకు తీరిక దొరికినప్పుడల్లా ఆ వీధి మీదుగా నెమ్మదిగా వెళ్లి వస్తాను. మీ 2011 బండి మాత్రం జాన్ బ్లోర్ అనే వ్యాపారి ఆ పేరు కొని, హింక్లీలో మళ్లీ మొదలుపెట్టిన సంస్థది. హింక్లీ మీకు దగ్గరే, ఫ్యాక్టరీలో ప్రదర్శనశాల కూడా ఉంది. తప్పకుండా చూడండి. పాత బండ్ల నిష్పత్తులు కళ్లతో చూశాక, మీ బండికి ఏది నప్పుతుందో మీకే తెలుస్తుంది.

కెఫే రేసర్ అన్నారు కాబట్టి ఇంకోటి. 1950లు, 60లలో లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఏస్ కెఫే దగ్గర చేరిన కుర్రాళ్లు చేసిన గొప్ప మార్పు ఏమిటో చూడండి. ట్రయంఫ్ ఇంజన్‌ను విప్పి, నార్టన్ అనే మరో సంస్థ చేసిన ఫెదర్‌బెడ్ ఫ్రేమ్‌లో కూర్చోబెట్టారు. దాన్నే ట్రైటన్ అన్నారు. ఇంజన్ ట్రయంఫ్‌ది బాగుంది, మలుపులో నిలకడ నార్టన్ ఫ్రేమ్‌ది బాగుంది, రెండూ కలిపారు. అంటే వాళ్లు మొదట బండి నడకను సరిచేశారు. కిందికి వంగిన హ్యాండిల్ గాలిని చీల్చుకుని వేగంగా వెళ్లడానికి వచ్చింది. మనకు ఇప్పుడు అందంగా కనిపించే ప్రతి వస్తువూ అప్పుడు ఒక అవసరానికి పుట్టినదే. కెఫే రేసర్ అనే మాటకు న్యాయం చేయాలంటే మనం కూడా షాకులు, టైర్లు, బ్రేకులతో మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

టైర్లు: పక్క గోడ మీద చిన్న అండాకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. గాట్లు లోతుగా ఉన్నా, టైరు పాతదైతే రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది. మీ కొలతలు ముందు 100/90-19, వెనక 130/80-17. బ్రేకు: ముందు ఒకే డిస్కు కాబట్టి రబ్బరు గొట్టం తీసి ఉక్కు అల్లిక గొట్టం వేయండి, కొత్త డాట్ 4 ఆయిల్ పోయండి. అరవై డెబ్బై పౌండ్లతో లివరు బిగువు స్పష్టంగా తెలిసేంత మారుతుంది.

సైలెన్సర్ల విషయంలో నా మాట సూటిగా చెబుతాను. ఆ ముద్ర ఉన్నవాటితో ఎంఓటీ పాస్ కాదు. అది పరీక్షకుడి ఇష్టాయిష్టాల సంగతి కాదు, నియమంలోనే ఉంది. అసలువి మీ దగ్గర ఉండటం అదృష్టం, అవే బిగించండి. తర్వాత ఎప్పుడైనా మార్చాలంటే రోడ్డు మీద వాడవచ్చని తెలిపే ‘E’ గుర్తు గానీ, బీఎస్ ఏయూ 193 గుర్తు గానీ ఉన్నవి కొనండి. పొద్దున్నే ఐదున్నరకు డ్యూటీకి బయలుదేరే మనిషిని నేను. పక్కింట్లో పసిపిల్లలున్నారు. ఆ ఇంజన్ చప్పుడు నాకు ప్రాణమే, కానీ వాళ్ల నిద్ర చెడగొట్టి వినాలనిపించదు.

చివరగా, ఏ హ్యాండిల్ వేసినా ముందు హెడ్‌లైటు డొప్ప తెరిచి చూడండి. ఈ బండిలో ముందు వైపు తీగలన్నీ అందులోనే కలుస్తాయి. అంచు పట్టీ విప్పి దీపాన్ని మెల్లగా బయటికి తీస్తే వెనక రంగురంగుల తీగల గుత్తి, తెల్లటి ప్లాస్టిక్ కనెక్టర్లు కనిపిస్తాయి. ఒక్కోటి విప్పి లోపలి పిన్నులు చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, డైఎలెక్ట్రిక్ గ్రీజు చుక్క పెట్టి మళ్లీ కలపండి. ఇక్కడ చలికాలంలో కౌన్సిళ్లు రోడ్ల మీద ఉప్పు చల్లుతాయి. ఆ తడి ఎక్కడికైనా పాకుతుంది. వర్షంలో ఉన్నట్టుండి ఇండికేటర్లు పనిచేయకపోవడం, కీ తిప్పినా దీపం వెలగకపోవడం లాంటివి చాలావరకు ఈ డొప్పలోనే మొదలవుతాయి. హ్యాండిల్ కిందికి దించినప్పుడు స్విచ్చుల తీగలు కొత్త దారిలో వస్తాయి కాబట్టి, అవి మెడ దగ్గర నలగకుండా ఈ పనితోనే సర్దేయవచ్చు.


బ్రిస్టల్ బెజవాడ

సోలిహల్ ట్విన్ గారు చెప్పిన ప్రతి మాటతో ఏకీభవిస్తాను, ఒక్క దానితో తప్ప. అందం చివర్లో రావాల్సిన విషయం కాదండి. ఈ బండ్లను మనం కొన్నదే చూసి ముచ్చటపడి. రోజూ తాళం వేసి రెండడుగులు వెళ్లాక వెనక్కి తిరిగి చూసుకోవాలనిపించని బండిని శ్రద్ధగా కడగాలని కూడా అనిపించదు. కాబట్టి లంకవాసి గారి డబ్బులో కొంత భాగం రూపానికీ ఉండాలి. నాది బోనవిల్ ఎస్‌ఈ, 17 అంగుళాల అల్లాయ్ చక్రాలది. నా ఎత్తుకు సీటు అందుతుందని అదే వెతికి కొన్నాను.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. విప్పిన ప్రతి భాగం మళ్లీ బిగించగలిగేలా ఉండాలి. ఫ్రేమును కోయను, మడ్‌గార్డును కత్తిరించను. వెనక నల్ల ప్లాస్టిక్, పెద్ద దీపం విప్పి పెట్టెలో పెట్టి, బోల్టులతో బిగించే పొట్టి మడ్‌గార్డు కొన్నాను. ఒరిజినల్ భాగాలు ఉన్న బోనవిల్‌కు అమ్మేటప్పుడు విలువ ఎక్కువ. కోసిన ఫ్రేము మాత్రం ఎవరికీ వద్దు.

వెనకభాగం మార్చేవారు ఎక్కువగా మర్చిపోయేది ఎర్ర రిఫ్లెక్టర్. పాత మడ్‌గార్డుతో పాటు అది కూడా పోతుంది, ఎంఓటీలో పట్టుకుంటారు. నంబర్ ప్లేటు అక్షరాల ఎత్తు 64 మిల్లీమీటర్లు ఉండాలి. ముచ్చటగా ఉంటుందని చిన్న ప్లేట్లు అమ్ముతారు, కొనకండి. ప్లేటు మీద దీపం కూడా ఉండాలి.

హ్యాండిల్ సంగతి. మీరు మీ భార్యతో కలిసి వెళతానన్నారు. ఆవిడ ఒక్కసారి వెనక కూర్చుని మీరు బ్రేకు వేస్తే, ఆ బరువంతా మీ వీపు మీదుగా మణికట్లకు వస్తుంది. క్లిప్-ఆన్‌ల మీద ఇద్దరు రెండు గంటలు ప్రయాణించడం శిక్ష. దాని బదులు ఏస్ బార్ అని ఒకే గొట్టంతో వంచిన హ్యాండిల్ వస్తుంది, ఉన్న క్లాంపులకే బిగుస్తుంది. ఎత్తు తగ్గుతుంది, చూపుకు కెఫే రేసర్‌లాగే ఉంటుంది. బిగించాక రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. చేతివేళ్లకు ట్యాంకుకు మధ్య ఖాళీ ఉండాలి, క్లచ్ తీగ, యాక్సిలరేటర్ తీగలు లాగుకుపోకూడదు. ఇంజన్ ఆన్‌లో పెట్టి తిప్పినప్పుడు దాని వేగం పెరిగిందంటే తీగ బిగుసుకుపోతోందని అర్థం, అలా నడపకూడదు. ఎత్తు తగ్గించినట్టు కనిపించడం వేరు, నిజంగా సుఖంగా ఉండటం వేరు. మీకు నచ్చిన హ్యాండిల్ ఉన్న బండి మీద ఎవరినైనా అడిగి పది నిమిషాలు కూర్చుని చూశాకే కొనండి.

ఒంటి సీటు మాత్రం ఇప్పుడే వద్దంటాను. ఆదివారం ఎవరిని ఇంట్లో వదిలి వెళతారు? ఒరిజినల్ సీటు మీదే వెనక భాగాన్ని కప్పే బుడిపె మూతలు వస్తాయి. వారమంతా అది బిగించుకుని, ఆదివారం విప్పేయవచ్చు.

బీమా గురించి ఎవరూ రాయలేదు. హ్యాండిల్, మడ్‌గార్డు, సైలెన్సర్, షాకులు, ఏది మార్చినా బీమా సంస్థకు ఫోను చేసి చెప్పాలి. మామూలుగా వీటికి ప్రీమియం పెద్దగా పెరగదు. చెప్పకుండా ఉంటే ప్రమాదం జరిగినప్పుడు చెల్లింపు తగ్గించడానికో, నిరాకరించడానికో అదే కారణమవుతుంది. మీకు ముందు యజమాని మార్చినవి కూడా మీ బండి మీద ఉన్న మార్పులే, అవి కూడా చెప్పండి.

ఇంకొకటి, ఏసీఎఫ్-50 అని తుప్పు రాకుండా కొట్టే ద్రవం దొరుకుతుంది. అక్టోబరులో బండిని కడిగి ఆరబెట్టి, గుడ్డతో స్పోకుల కొసలకు, సైలెన్సర్ బ్రాకెట్లకు, బోల్టుల తలలకు రాయండి. బ్రేకు డిస్కుకు, టైర్లకు తగలకూడదు. చలికాలం ఇంటికి రాగానే వేడినీళ్లతో కడగొద్దు, చన్నీళ్లతో కడగండి. ఉప్పు వేడికి ఇంకా చురుగ్గా లోహాన్ని తింటుంది.


సికింద్రాబాద్ 650

నేను ఇక్కడ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 నడుపుతాను, టీ100ను కాదు. అయినా ఒక విషయం చెప్పాలనిపించింది. లంకవాసి గారూ, మీ దగ్గర ఉన్న ఇంజన్‌కు ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని మోత వెనక దాచేయకండి.

మీ 865లో క్రాంకు, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు, 360 డిగ్రీలది. రెండు పిస్టన్లూ కలిసి పైకి వెళతాయి, కలిసి కిందికి వస్తాయి, ఒక్కో చుట్టుకు ఒక్కోటి చొప్పున వంతులవారీగా మండుతాయి. అందుకే ఆ చప్పుడు సమంగా, ఎడతెగకుండా ఉంటుంది. ట్రయంఫ్ డిజైనర్ ఎడ్వర్డ్ టర్నర్ 1937లో తెచ్చిన స్పీడ్ ట్విన్ నుంచి మెరిడెన్ చివరి బోనవిల్ దాకా ఇదే పద్ధతి. 2016లో నీటితో చల్లబడే కొత్త బోనవిల్‌లు వచ్చినప్పుడు ట్రయంఫ్ వాటికి 270 డిగ్రీల క్రాంకు పెట్టింది. నా ఇంటర్‌సెప్టర్ కూడా 648 సీసీ, 270 డిగ్రీలే. వాటి చప్పుడు విరిగి విరిగి, రెండు సిలిండర్లు ‘V’ ఆకారంలో ఉండే వీ-ట్విన్‌లా వినిపిస్తుంది. అదీ బాగుంటుంది, కానీ పాత బ్రిటిష్ ట్విన్ చప్పుడు అది కాదు. మీ దగ్గరున్నది హింక్లీ బోనవిల్‌లలో ఆ పాత లయ మిగిలిన చివరి తరం. అసలు సైలెన్సర్లు వేసి, ఊరు దాటాక మూడో గేరులో మెల్లగా వెళుతూ వినండి.

నాన్నగారి యెజ్డీకి రెండు సైలెన్సర్లున్నా సిలిండరు ఒక్కటే. మీరు ఇప్పుడు నిజంగా రెండు సిలిండర్ల బండి ఎక్కారు. ఆయన ఉంటే తప్పకుండా ఒకసారి వెనక ఎక్కించుకోండి.

ఇండియాకు తిరిగి వచ్చే ఆలోచన ఉన్న మిత్రులకు ఒక మాట. ఇక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రాథమిక నిర్మాణాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని స్పష్టం చేసింది. మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించే దృశ్యాలు మీరు వార్తల్లో చూసే ఉంటారు. నేను నా బండికి టైర్లు, సీటు స్పాంజి, మంచి వెనక షాకులు మాత్రమే మార్చాను. సోలిహల్ గారు చెప్పింది ఇక్కడి గతుకుల రోడ్లకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.


లెస్టర్ లంకవాసి

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మిత్రుడు ఒకరు వస్తే సోలిహల్ ట్విన్ గారు చెప్పినట్టే ముందు చక్రం లేపి చూశాం. మధ్యలో గాడి ఉంది, స్పష్టంగా ఆగుతోంది. వెనక టైరు మీద 2214 అని ఉంది. నేను, నా భార్య కూర్చుంటే వెనక కుంగు 60 మిల్లీమీటర్లు దాటింది, అదీ వలయం పై మెట్టు మీద ఉండగానే. ఏస్ బార్ ఫోటోలు ఆవిడకు చూపించాను, నచ్చింది. ఒంటి సీటు మాట ఇక ఎత్తను.

అసలు సైలెన్సర్లు మళ్లీ బిగిస్తే ఇంజెక్షన్‌కు ఇబ్బంది వస్తుందా? ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే మ్యాప్‌ను పాత యజమాని బండి కంప్యూటర్‌లో మార్పించాడో లేదో నాకు తెలియదు. ఆ పటపట చప్పుడు కూడా పోతుందా?


సోలిహల్ ట్విన్

60 దాటిందంటే షాకుల విషయంలో ఇక సందేహం లేదు.

మ్యాప్ మార్చి ఉన్నా ఇంజన్‌కు వెంటనే హాని జరగదు. పొగ గొట్టాలు తెరుచుకుని ఉన్నప్పటి కోసం రాసిన మ్యాప్‌తో అసలు సైలెన్సర్లు నడిస్తే పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది, మైలేజీ తగ్గుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ట్యూన్‌ఈసీయూ అనే ప్రోగ్రాముతో మీ బండి కంప్యూటర్‌లో ఏ మ్యాప్ ఉందో చదవవచ్చు. సరైన కేబుల్ లేదా అడాప్టర్ కావాలి, అలవాటు లేకపోతే తెలిసినవారి దగ్గర చేయించండి. చదివాక ఫ్యాక్టరీ మ్యాప్ కాకపోతే దాన్ని తిరిగి ఎక్కించమనండి. పనిలో పనిగా గొట్టాల మీద ఉండే ఆక్సిజన్ సెన్సర్లు రెండూ ఉన్నాయో, విప్పేసి రంధ్రాలు మూసేశారో చూడండి. సెన్సర్లు లేకపోతే ఫ్యాక్టరీ మ్యాప్‌తో హెచ్చరిక దీపం వెలుగుతుంది.

పటపట చప్పుడుకు ముందు సైలెన్సరు, గొట్టం కలిసే అతుకుల దగ్గర చూడండి. నల్లటి మసి గీతలు కనిపిస్తే అక్కడ గాలి దూరుతోంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరికి ఆ గాలి తగిలి సైలెన్సర్లో మండుతుంది, పేలుడు అదే. అసలువి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్లు వేయండి, క్లాంపు బోల్టులకు రాగి గ్రీజు రాయండి. సిలిండరు దగ్గరి నట్లు మాత్రం బలం పెట్టి తిప్పొద్దు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేసి, మర్నాడు కొంచెం బిగించి, కొంచెం వదులు చేస్తూ విప్పండి. స్టడ్డు విరిగితే వంద పౌండ్ల పని మీద పడుతుంది. అతుకులు సరిచేశాక కూడా అసలు సైలెన్సర్లతో ఏదో మూల చిన్నగా వినిపిస్తే అది సహజం. ఈ బండిలో పొగ శుభ్రపడటానికి గొట్టంలోకి గాలి పంపే ఏర్పాటు ఫ్యాక్టరీ నుంచే ఉంది.

మీ డబ్బుకు ఇలా వస్తుంది. ఎంఓటీ లోపు స్టీరింగ్ బేరింగులు, సైలెన్సర్లు, రెండు టైర్లు. టైర్లతో పాటు ట్యూబులు కూడా కొత్తవే వేయించండి, మీవి స్పోకు చక్రాలు. తర్వాత షాకులు, ఫోర్కు స్ప్రింగులు, బ్రేకు గొట్టం. వీటన్నింటికీ మీరు పక్కన పెట్టినదాంట్లో వెయ్యికీ పదకొండు వందలకూ మధ్య అవుతుంది, పని మీరే చేసుకుంటే ఇంకా తక్కువ. మిగిలినదానితో బ్రిస్టల్ గారు చెప్పిన ఏస్ బార్, పొట్టి మడ్‌గార్డు చలికాలంలో తీరిగ్గా చేసుకోవచ్చు. ఏదీ కోయకుండా విప్పి దాచాలన్న బ్రిస్టల్ గారి మాట నాకు నచ్చింది, నా షెడ్డులో కూడా విప్పిన భాగాలన్నీ పేర్లు రాసి అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

బేరింగులు మీరే వేసేటట్టయితే పాత వలయాలు ఫ్రేము మెడ నుంచి సూటిగా రావాలి, పక్కకు వాలితే గొట్టం గీసుకుపోతుంది. కొత్తవాటిని ఫ్రీజరులో రాత్రంతా పెడితే సులువుగా దిగుతాయి. బిగించాక రెండు మూడు వందల మైళ్లు తిరిగి మళ్లీ చక్రం లేపి వదులు చూడండి. టేపర్ రోలర్లు మొదట్లో కొంచెం సర్దుకుంటాయి, అప్పుడు నట్టు మరోసారి బిగించాల్సి వస్తుంది.